కొండలు కరగడం లేదు

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. పనీపాటా లేని కొడుకుల్ని తిట్టడానికి తండ్రులు తరతరాలుగా వాడుకున్న మాట ఇది. చిన్నప్పుడు అన్నంతోపాటు నేనూ చాలాసార్లు తిన్నాను. అది పుట్టిన రోజుల్లో అక్షరాలా నిజం కూడా. అప్పట్లో కలిమి అంటే గాదెలో వడ్లు, పాతరలో జొన్నలు, దొడ్లో పశువులు. వడ్లకు పురుగు పడుతుంది, ఎలుకలు తింటాయి. ఎద్దు ముసలిదవుతుంది. దున్నకుండా వదిలేస్తే పొలంలో తుమ్మలు మొలుస్తాయి. నలుగురు కొడుకులుంటే నాలుగు ముక్కలవుతుంది. ఎంత మోతుబరి అయినా పొద్దున్నే లేచి గట్టు మీద నిలబడితే తప్ప ఉన్నది నిలవని కాలం. తాత దివానులా బతికిన ఇంట్లో మనవడు మామూలు సంసారి అయిపోవడం ప్రతి ఊళ్లోనూ చూసేవాళ్లం. ఓడలు బళ్లవడం, బళ్లు ఓడలవడం అంటే అదే.

ఇప్పటి కలిమికి పురుగు పట్టదు. డీమ్యాట్ ఖాతాలో షేర్లను ఎలుకలు కొట్టవు. రోడ్డు పక్క ప్లాటుకు నీరు పెట్టక్కర్లేదు, ఎరువు వెయ్యక్కర్లేదు. చుట్టూ ప్రహరీ కట్టి, గేటుకు తాళం వేసి, ఈ స్థలం ఫలానావారిదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించి వెళ్లిపోతే చాలు. యజమాని అమెరికాలో నిద్రపోతున్నా ఇక్కడ దాని పని అది చేసుకుపోతుంది. కూర్చుని తింటున్నా కొండ కరగడం లేదు సరికదా, తిన్నదానికి రెండింతలు పెరుగుతోంది. ఇంకోపక్క వంగి, మోసి, తుడిచి, కడిగి బతికేవాళ్ల కూలి ధరల వెనక ఆయాసపడుతూ నడుస్తోంది. ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య దూరం ఎందుకు పెరుగుతోందని ఎవరైనా అడిగితే, జీవితమంతా బ్యాంకులో కౌంటరుకు ఇవతల కూర్చున్న నాకు తోచే జవాబు ఇదొక్కటే. చదువు, తెలివి, అదృష్టం అన్నీ ఉన్నాయి, కాదనను. అసలు పేచీ మాత్రం కూర్చున్న డబ్బుకూ కష్టపడే ఒంటికీ మధ్య.

ఒక లెక్క చూడండి. 2021 జులైలో హైదరాబాద్ అంచున కోకాపేటలో ప్రభుత్వ భూములు వేలం వేస్తే ఎకరా గరిష్ఠంగా 60.2 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో అదే కోకాపేటలో, నియోపోలిస్ లేఅవుట్‌లో మళ్లీ వేలం వేశారు. ఈసారి గరిష్ఠ ధర 100.75 కోట్లు. ప్లాట్లు వేరు కావచ్చు గానీ ఊరు అదే. రెండేళ్లలో 67 శాతం ఎక్కువ. అదే రెండేళ్లలో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 245 రూపాయల నుంచి 272 రూపాయలకు పెరిగింది. అంటే 11 శాతం. ఆ రెండేళ్లలో వంటనూనె, గ్యాసు ఎక్కడెక్కడికి వెళ్లివచ్చాయో గుర్తున్నవాళ్లకు ఈ 11 శాతం ఏమైపోయిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఎకరానికి 4,840 గజాలు. ఆ గరిష్ఠ ధరలో గజం 2 లక్షల 8 వేలు పడింది. 272 రూపాయల కూలితో ఒక్క గజం కొనాలంటే 765 రోజులు తట్ట మొయ్యాలి. ఆ పథకం ఏడాదికి హామీ ఇచ్చింది 100 రోజులు. అంటే ఏడున్నర ఏళ్లు, మధ్యలో ఒక్క పూట కూడా తినకుండా. ఇంతా చేసి చేతికొచ్చే గజం మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. నులకమంచం కూడా పట్టదు.

కూలిమనిషి కోకాపేటలో గజం ఎందుకు కొంటాడండీ, ఇదేం పోలిక అని ఒక మిత్రుడు కసిరాడు. నిజమే, కొనడు. నేనడిగేది వేరే. ఆ గజానికి అంత ధర ఎలా వచ్చింది? పక్కనుంచి 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పోతోంది. దానికి జపాన్ నుంచి కూడా అప్పు తెచ్చారు, ఆ అప్పు అందరి పేరు మీదా ఉంది. కృష్ణా, గోదావరి నీళ్లు గొట్టాల్లో వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి నగరానికి వచ్చాయి. ఒడిశా నుంచి, బిహార్ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు టవర్లు కట్టారు. పరగణాల పిల్లలంతా చదువుకుని ఉద్యోగాలకు వచ్చి అద్దెకు దిగారు. ఇంతమంది కలిసి పెంచిన విలువ, ఆ చుట్టుపక్కల భూమి చేతిలో పెట్టుకున్నవాళ్లకు పోయింది. వాళ్లు చేసిందల్లా అమ్మకుండా ఉండటం. అమ్మకుండా ఉండటం కూడా ఒక పనే. కాకపోతే ఇంట్లో ఆకలీ ఆపదా లేనివాళ్లు మాత్రమే చేయగల పని.

ఇక్కడ ఇంకో చమత్కారం ఉంది. కోకాపేట వేలంలో అమ్మింది సాక్షాత్తూ ప్రభుత్వమే. 2023 వేలంలో 45.33 ఎకరాలకు 3,319.60 కోట్లు వచ్చాయి. ఆ డబ్బు ఖజానాకే వెళ్లింది, మంచిదే. కానీ భూములమ్మి ఖర్చులు వెళ్లదీసుకునే ప్రభుత్వానికి, ఏ పార్టీది అయినా సరే, భూమి ధర తగ్గాలన్న కోరిక ఎక్కడినుంచి వస్తుంది?

అమ్మకుండా ఉండలేనివాళ్ల కథ మా మెట్ల కిందే ఉంది. మా వాచ్‌మన్‌ది పాలమూరు వైపు. సెల్లారులో, మోటారు స్విచ్‌బోర్డు పక్కన ఒక గది. ఒక పరుపు, గ్యాసు పొయ్యి, గోడకు కొట్టిన మేకులకు పిల్లల బడిసంచులు. తెల్లారుజామున మోటారు వేసి, కార్లు తుడవడంతో అతని రోజు మొదలవుతుంది. భార్య నాలుగు ఫ్లాట్లలో అంట్లు తోముతుంది. ఒకరోజు కరెంటు పోయి లిఫ్టు ఆగితే మెట్ల దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం.

"మా నాయిన జడ్చర్ల కాడ రెండెకరాలు అమ్మిండు సార్. వానల్లేవు, బోరు ఎండిపాయె. అక్క పెండ్లి పెట్టుకున్నం. ఎంతొస్తే అంత అని అమ్మిండు."

"ఇప్పుడక్కడ ఎంతుందట?"

"ఇప్పుడా? కంపెనీలొచ్చినయ్ గద సార్. గజాల లెక్క అమ్ముతున్నరు. మొన్న పండగకు పోయినప్పుడు మా పిల్లగానికి జూపిచ్చిన, ఇది మన చేనేరా అని. వాడు నమ్మలే." అని నవ్వాడు.

కొన్నవాడు ఆ రెండెకరాల్లో ఒక్క గింజ పండించలేదు. వానలు పడినా, పడకపోయినా అతనికి ఒకటే. వాచ్‌మన్ తండ్రికి మాత్రం ఆ ఏడు వాన పడకపోవడమే తలరాత అయింది.

ఆ నెలలోనే మా అసోసియేషన్ మీటింగు జరిగింది. మావి ఇరవై ఫ్లాట్లు. లిఫ్టు రిపేరు, సంపు కడిగించడం అయ్యాక వాచ్‌మన్ జీతం వెయ్యి రూపాయలు పెంచాలన్న మాట వచ్చింది. ఫ్లాటుకు యాభై. దాని మీద ముప్పావుగంట చర్చ. "ఇలా పెంచుకుంటూ పోతే ఎక్కడ ఆగుతుందండీ" అని ఒకరు. "గది ఉచితం, కరెంటు ఉచితం, వాళ్లకు ఖర్చులేముంటాయి" అని ఇంకొకరు. "పక్క అపార్ట్‌మెంటులో మనకన్నా తక్కువే ఇస్తున్నారు" అని మూడో ఆయన, ముందే కనుక్కుని వచ్చాడు. చివరికి ఐదు వందల దగ్గర రాజీ కుదిరింది. టీలు వచ్చాయి. టీ తాగుతూ సెక్రటరీగారు ఒక శుభవార్త చెప్పారు. మన సందులో చదరపు అడుగు ధర వెయ్యి రూపాయలు పెరిగిందట, వెనక వీధిలో మొన్ననే రిజిస్ట్రేషన్ అయిందట. అందరి మొహాలూ వెలిగిపోయాయి. మా ఫ్లాట్లు 1,200 అడుగులవి. అంటే తలా పన్నెండు లక్షలు, టీ చల్లారేలోగా. ఇలా పెరుగుతూ పోతే ఎక్కడ ఆగుతుందండీ అని అప్పుడు ఎవరూ అడగలేదు.

అదే వెయ్యి. ఒకటి నెలంతా నిద్ర మానుకుని గేటు తీసినందుకు, ఒకటి ఊరికే ఉన్నందుకు.

మేమేమీ కోటీశ్వరులం కాదు. పింఛనుదార్లు, స్కూలు టీచర్లు, సాఫ్ట్‌వేర్ పిల్లల తల్లిదండ్రులు. మా కొండలు గుట్టలంతే. అయినా గుట్టెక్కిన కళ్లతో చూడటం మాకు అలవాటైపోయింది. నాతోపాటు ఒకే బ్యాచిలో బ్యాంకులో చేరిన ఇద్దరున్నారు. ఒకే జీతం, ఒకే ఇంక్రిమెంట్లు, ఒకే రకం నిజాయితీ. ఒకాయన తొంభైల్లో మియాపూర్ దాటాక, జనం లేని చోట రెండు ప్లాట్లు కొని పడేశాడు. రెండో ఆయన అవే సంవత్సరాల్లో తండ్రికి కిడ్నీ వైద్యం చేయించాడు, ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు. ఇవాళ మొదటాయన మనవడు పుట్టుకతోనే శ్రీమంతుడు. రెండో ఆయన రిటైరయ్యాక ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. ఇందులో తెలివి ఎవరిది, తప్పు ఎవరిది? చెయ్యాల్సినవన్నీ చేసినవాడే వెనకబడ్డాడు.

కొండ కూర్చున్నచోటే పెరుగుతుందన్నాను. గొయ్యి కూడా అంతే. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ నేను చూసింది ఇది: ఆస్తి చూపించగలిగినవాడికి చవగ్గా అప్పు పుడుతుంది, చూపించలేనివాడికి ఖరీదుగా పుడుతుంది. ఇంటి రుణం ఏడాదికి పది శాతం లోపే వస్తుంది. షేర్లు తాకట్టు పెట్టినవాడికి మేనేజరే కాఫీ తెప్పిస్తాడు. మా వాచ్‌మన్ కూతురి కాలేజీ ఫీజుకు తెచ్చింది నూటికి మూడు రూపాయల వడ్డీకి. నెలకు మూడంటే ఏడాదికి 36. రైతు బజారు బయట కూరల బుట్ట పెట్టుకునే ఆవిడ రోజువారీ ఫైనాన్స్ తీసుకుంటుంది, పొద్దున తొమ్మిది వందలు చేతికొస్తే సాయంత్రం వెయ్యి కట్టాలి. ఏడాదికి ఎంత శాతమో మా బ్యాంకు కాలిక్యులేటర్లలో పట్టదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వేధింపులకు ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటే ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆపాల్సి వచ్చింది. సంస్థల పేర్లు మారాయి, వారం వారం కిస్తీ మీటింగులు ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి.

దేశం మొత్తం మీద ఈ దూరం ఎంత? 2024 మార్చిలో థామస్ పికెట్టీ, ఇంకో ముగ్గురు ఆర్థికవేత్తలు కలిసి నూరేళ్ల లెక్క తీశారు. 2022-23లో మన దేశపు ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతికి వెళ్లింది. సంపదలో అయితే వాళ్ల వాటా 40.1 శాతం. కింది సగం జనాభాకు ఆదాయంలో దక్కింది 15 శాతం. 1980ల మొదట్లో ఆదాయంలో ఆ పై ఒక్క శాతం వాటా ఆరు శాతం దగ్గర ఉండేది. 1922 నుంచి లెక్క దొరుకుతున్నంత మేర, అంటే తెల్లదొరలు, మహారాజులు, జమీందార్లు ఉన్న రోజులతో కలిపి చూసినా, ఇంత వాటా వాళ్లకు ఎన్నడూ లేదట.

దీనికి ఎదురు లెక్క కూడా ఉంది. 2025 జులైలో ప్రపంచ బ్యాంకు అంకెలు చూపించి, సమానత్వంలో మనది ప్రపంచంలో నాలుగో దేశమని కేంద్రం ప్రకటించింది. జినీ సూచీ 25.5 అట. ఎంత తక్కువుంటే అంత సమానం. అంకె అబద్ధం కాదు. అయితే అది ఖర్చుల లెక్క, ఎవరింట్లో ఎంత తిన్నారు, ఎంత కట్టుకున్నారు అని అడిగి వేసినది. ఎంత కోటీశ్వరుడైనా పొద్దున్న ఎన్ని ఇడ్లీలు తింటాడు? తినగా మిగిలినదే కొండ, అది ఈ లెక్కలోకి రాదు. అదే ప్రపంచ బ్యాంకు పత్రంలో ఆదాయాల జినీ 2004లో 52 ఉన్నది 2023కి 62 అయిందని కూడా రాసి ఉంది. ఆ వాక్యం ప్రకటనలో కనబడలేదు.

పైగా అడగడానికి వెళ్లేవాడు ముందు గేటు దాటాలి. బస్తీలో సర్వే మనిషి వస్తే కుర్చీ వేసి మంచినీళ్లిచ్చి రేషన్ కార్డు నుంచి గేదె దాకా అన్నీ చెబుతారు. గేటెడ్ కమ్యూనిటీలో వాచ్‌మన్ ఇంటర్‌కమ్ చేసి, "మేడమ్ బిజీగున్నరట" అని వెనక్కి పంపుతాడు. ఆదాయాల మీద నేరుగా దేశవ్యాప్త సర్వే మన ప్రభుత్వం 2025 దాకా చేయనే లేదు. 2026లో మొదటిసారి చేస్తామని ప్రకటించి, 2025 ఆగస్టులో కొన్నిచోట్ల ప్రశ్నలు పరీక్షించి చూస్తే, ఇవి చెప్పుకోలేని సంగతులని నూటికి 95 మంది అన్నారట. జీతం అడగకూడదు, వయసు అడగకూడదు అని మన పెద్దలు నేర్పిన మర్యాద గణాంక శాఖ మీద కూడా పనిచేసింది.

కొండలున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే కాస్త కరిగించుకుంటారన్న ఆశ పుట్టింది కూడా మన నేల మీదే. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే దళితుల కోసం 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చారు. ఎంత గొప్ప రోజో అది, భూదానం మొదలైన రోజు. కానీ మనసు కరగడం మీద ఆధారపడితే ఎంతమంది కరుగుతారు? ఇవాళ హైదరాబాద్ చుట్టుపక్కల భూదాన భూముల మీద కూడా కబ్జా కేసులు నడుస్తున్నాయి.

కరిగించే చట్టాలు మనకు ఒకప్పుడు ఉండేవి. 1953లో ఎస్టేట్ డ్యూటీ వచ్చింది. మనిషి పోయాక ఆస్తి వారసులకు వెళ్లేటప్పుడు వేసే పన్ను, పెద్ద ఆస్తుల మీద గరిష్ఠంగా 85 శాతం దాకా. వసూలయ్యేది చాలా తక్కువ, వసూలు చేయడానికయ్యే ఖర్చే ఎక్కువ అని 1985లో ఎత్తేశారు. 1957లో వచ్చిన సంపద పన్నును 2015 బడ్జెట్‌లో అదే కారణం చెప్పి తీసేసి, ఆదాయం కోటి దాటినవాళ్ల మీద రెండు శాతం అదనపు సర్‌ఛార్జి వేశారు. కారణాల్లో నిజం లేకపోలేదు. ఎగవేతలు విపరీతంగా ఉండేవి. ఆదాయపు పన్ను 97 శాతం దాటిన 1970ల నాటి రోజులు మళ్లీ రావాలని మతి ఉన్నవాడెవడూ కోరడు. కానీ దొంగ దొరకడం లేదని పోలీస్ స్టేషన్ మూసేసినట్టయింది.

ఎందుకంటే కొండ పెరుగుదలను మన చట్టం ఆదాయం అనదు. అమ్మితేనే ఆదాయం. అమ్మకుండా తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుని దర్జాగా బతికితే ఆదాయపు పన్నుకు అక్కడ పనే లేదు. ఒకవేళ అమ్మినా, 2024 జులై నుంచి దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం. కొత్త విధానంలో 24 లక్షలు దాటిన జీతం మీద 30 శాతం, అదీ చేతికి రాకముందే కోత. నెత్తిన సబ్బు రుద్దుకునే కూలివాడు కూడా జీఎస్టీ కడుతున్నాడు. 2025 సెప్టెంబరు 22న తగ్గించేదాకా సబ్బు మీద 18 శాతం ఉండేది, ఇప్పుడు ఐదు. తండ్రి పోయాక కొడుక్కి వెయ్యి కోట్లు వస్తే వారసత్వ పన్ను సున్నా.

2024 ఎన్నికల వేళ ఒక నాయకుడు అమెరికాలో వారసత్వ పన్ను ఉందని అన్నందుకు ఎంత గగ్గోలయిందో గుర్తుండే ఉంటుంది. అదే ప్రచారంలో పుస్తెలతాడు మాట కూడా వచ్చింది. ఆ రోజుల్లో నన్ను ఎక్కించుకున్న ఆటో డ్రైవరు కూడా భయపడ్డాడు, ఊళ్లో తన రేకుల ఇల్లు పోతుందని. నిజానికి అమెరికాలో ఆ పన్ను గరిష్ఠంగా 40 శాతమే గానీ, 2025లో సుమారు 1.4 కోట్ల డాలర్ల దాకా ఆస్తి ఉన్నవాళ్ల జోలికే అది రాలేదు. మన డబ్బులో వంద కోట్లు పైచిలుకు. జపాన్‌లో గరిష్ఠం 55 శాతం, అక్కడ పరిమితి కూడా చాలా తక్కువ. ఆ దేశంలో కార్లు తయారు చేయడం ఎవరూ మానెయ్యలేదు.

నా మటుకు నాకు ఆ పన్ను మళ్లీ రావాలి. పాత రోజుల్లోలా 85 శాతం అక్కర్లేదు, వంద కోట్లు దాటిన ఆస్తి మీదే వెయ్యండి, కన్నాలు లేకుండా వెయ్యండి. అప్పుడు మా గుట్టలు గానీ, మీ అమ్మగారి గొలుసు గానీ, ఊళ్లో రేకుల ఇల్లు గానీ దాని దరిదాపులకు రావు. ఈసారి ఎవరైనా వారసత్వ పన్ను పేరెత్తితే ఉలిక్కిపడే ముందు, మీ ఆస్తి వంద కోట్లు దాటిందేమో కాగితాలు తీసి ఒకసారి చూసుకోండి. దాటకపోతే ఆ పన్ను కావాలని అడగాల్సింది మీరే.